బడి పేరు, గుడి పేరు

నానిన మోదుగ గింజ తొక్క ఒక పట్టాన ఊడదు. బొటనవేలి గోరు అంచున గుచ్చి, చూపుడువేలితో పక్కకి నెట్టాలి. అప్పుడు ఎర్రటి పొర చిరిగి లోపలి పసుప్పచ్చని పప్పు బయటపడుతుంది. సీతమ్మ మూడేళ్ళుగా ఆ పని చేస్తోంది. కుడిచేతి బొటనవేలి గోరు సగానికి అరిగిపోయింది. వేలి కొస గోధుమరంగుకి తిరిగి, ఎంత సబ్బు పెట్టి తోమినా తెల్లబడడం మానేసింది.

పొట్టి మనిషి. ముందుకు వంగిన భుజాలు. నెరిసిన జుట్టు గట్టిగా లాగి మెడమీద చిన్న ముడి వేసుకుంటుంది. నీలం అంచు తెల్లచీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య దోపుకుని, వెనక వసారాలో కుళాయి పక్కన పీట మీద కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుని, ఎనిమిదిన్నర నుంచీ ఒలుస్తూనే ఉంది. అది డెబ్బై ఆరో సంవత్సరం జూన్ ముప్పై, బుధవారం. సాయంత్రం అయిదు గంటలకి ఆమె ఉద్యోగం ముగుస్తుంది. రికార్డు ప్రకారం ఆమెకి అరవై నిండాయి. అసలు వయసెంతో ఆమెని కన్నతల్లికే తెలియదు, బళ్ళో పంతులు తోచిన తారీఖు వేశాడు.

"ఇవాళ కూడా ఎందుకమ్మా ఆ గింజలు?" అన్నాడు గుమాస్తా రామకోటేశ్వరరావు, ముక్కుపొడి పట్టు పట్టి, గుమ్మంలో నిలబడి.

"నిన్న నానేశానండీ. వదిలేస్తే కుళ్ళిపోవూ?"

అది గవర్నర్‌పేటలో ఒక లాడ్జి వెనక సందులో అద్దెకి తీసుకున్న పెంకుటిల్లు. మూడు గదులు. బయట బోర్డు మీద ఇంగ్లీషులో రెండు వరుసల పేరుంది గానీ, సందులో వాళ్ళంతా దాన్ని పురుగుల ఆఫీసంటారు. ఒక డాక్టరు, ఒక గుమాస్తా, ఒక అటెండరు. ఆ ఏడాది ఆఫీసులన్నీ టైముకి తెరుచుకునేవి. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు.

పురుగులంటే ఏలికపాములు. కృష్ణ కాలవల కింద పుట్టిన పిల్లల కడుపుల్లో అవి కాపురం పెట్టని ఇల్లు తక్కువ. పిల్లవాడు తిన్నది అవి తింటాయి. పొట్ట ముందుకొస్తుంది, చేతులూ కాళ్ళూ పుల్లలవుతాయి. వాటికి సర్కారు మందు పైపరజిన్ సిరప్పు. గులాబీరంగులో తియ్యగా ఉంటుంది. మంచి మందే. కానీ పదిమందికి కావలసిన చోట అయిదుగురికి సరిపడా వచ్చేది. కంపౌండర్లు నీళ్ళు కలిపి పదిమందికీ పోసేవారు. అందరికీ మందు అందినట్టు రికార్డూ ఉండేది, అందరి కడుపుల్లో పురుగులూ ఉండేవి.

సీతమ్మ పెద్దాసుపత్రిలో ఆయాగా ఉన్న రోజుల్లో, డాక్టర్ పద్మావతమ్మ అని పిల్లల వార్డు డాక్టరు ఒకావిడ, ఖాళీ సిరప్పు సీసా చూసి విసుక్కుంటూ అడిగింది, "మీ ఊళ్ళో ఏం చేస్తారే సీతమ్మా, పురుగులకి?"

"మా అమ్మయితే మోదుగ పప్పు నూరి బెల్లంలో పెట్టేదండీ. మర్నాడు ఆముదం పట్టేది."

వినే చెవి ఉన్న మనిషి గనక పద్మావతమ్మ ఆ మాట విని వదిలెయ్యలేదు. మోదుగ పొడి ఒక్కటే ఇస్తే కొన్ని పడ్డాయి, కొన్ని మిగిలాయి. సిరప్పు సగం మోతాదు ఒక్కటే ఇస్తే అంతే. ముందు పొడి ఇచ్చి, తెల్లారి సగం మోతాదు సిరప్పు ఇస్తే? వార్డులో ఏడుగురు పిల్లలకి ఇచ్చి చూసింది. ఆరుగురి కడుపు శుభ్రపడింది. సగం సిరప్పుతో పనైతే, వచ్చే కాస్త మందే పదిమందికీ నిజంగా సరిపోతుంది. ఆవిడ హైదరాబాదు చుట్టూ రెండేళ్ళు తిరిగి ఈ యూనిట్ తెచ్చుకుంది, సీతమ్మనీ తన వెంట తెచ్చుకుంది. గింజలు ఏ చెట్టువో, ఎంతసేపు నానాలో, నీడన ఎన్నాళ్ళు ఎండాలో సీతమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. ఏటా మే నెలలో కొండపల్లి వెళ్ళి, కట్టెలు కొట్టే ఆడవాళ్ళ దగ్గర కాయ కాయా చూసి ఏరుకొచ్చేది. యూనిట్ కాగితాల్లో ఆ చెట్టుకి లాటిన్ పేరు ఉంది. సీతమ్మకి ఏ భాషలోనూ పేరు లేదు.

ఉన్న పేరు మాత్రం ఆమెదా?

గుళ్ళో ఫాదరు జ్ఞానస్నానం చేయించి పెట్టిన పేరు తెరేసమ్మ. బళ్ళో పంతులు రాసిన పేరు సీతమ్మ. ఆమె పుట్టిన పాలెంలో అందరికీ అంతే, గుడి పేరొకటి, బడి పేరొకటి. మాలపల్లెలో పుట్టినవాడు సిలువ పుచ్చుకుంటే వాడి అంటరానితనం ఆ నీళ్ళతోనే కొట్టుకుపోయిందని సర్కారువారు కాగితం మీద తేల్చారు. కొట్టుకుపోయినవి స్కాలర్‌షిప్పులూ హాస్టలు సీట్లూ ఉద్యోగాలూ మాత్రమే. ఊరి కాఫీహోటల్లో విడిగా పెట్టిన గ్లాసు మాత్రం విడిగానే ఉంది. అందుకని బళ్ళో వేసేటప్పుడు తండ్రులు తలొంచుకుని వెంకటేశ్వర్లనీ సుబ్బరత్నమనీ రాయించేవారు. అబద్ధం ఆడింది ఎవరు? పిల్లకి రెండు పేర్లు పెట్టిన తండ్రా, ఒక్క పేరుతో బతకనివ్వని వాళ్ళా?

ఇరవై రెండేళ్ళ కిందట ఆయా ఉద్యోగానికి వచ్చినప్పుడు తెరేసమ్మ సీతమ్మయి బొట్టు పెట్టుకుంది. పొద్దున్నే గుణదల నుంచి నడిచి వస్తూ దారిలో పెట్టుకోవడం, సాయంత్రం కుళాయి దగ్గర కడుక్కోవడం. మేరీమాత తిరణాళ్ళలో కొవ్వొత్తి పట్టుకుని కొండెక్కుతూ, ఆసుపత్రి నర్సు ఎవరో కనిపిస్తే చెంగు ముఖమ్మీదికి లాక్కునేది. తల్లి దగ్గరికి వెళ్తూ దొంగలా వెళ్ళాలి. మొగుడు శౌరయ్య పోయి పదేళ్ళయింది. అతన్ని గుణదలలో పాతిపెట్టి మూడోనాడు డ్యూటీకి వస్తే, పెద్దకర్మ ఎప్పుడమ్మా అని అడిగారు. కృష్ణలో కలిపేశామండీ అని చెప్పింది. పాతిపెట్టిన మొగుణ్ణి నోటితో తగలబెట్టింది. ఆ మాట తలుచుకుంటే ఈనాటికీ ఆమె నాలుక మీద బూడిద రుచి తగులుతుంది. అతను పోయినందుకు ఒక్కటే సుఖం కలిగింది, బొట్టు బాధ తప్పింది. ఆఫీసుకి విధవ, ఇంటికి క్రైస్తవురాలు. రెండు చోట్లా నుదురు ఖాళీయే.

పది గంటలకి రామకోటేశ్వరరావు పిలిచి పెన్షను కాగితాల మీద సంతకం పెట్టించుకున్నాడు. ఆమె తడిచేతులు తుడుచుకుని, పెన్ను గట్టిగా పట్టుకుని, మూడక్షరాలు రాసింది. సీ, త, మ్మ. ఇరవై రెండేళ్ళు జీతం పుచ్చుకుంటూ నేర్చుకున్న మూడక్షరాలు.

"అయిపోయింది. డాక్టరుగారు మూడింటికి వచ్చి సంతకం పెడితే నీది హైదరాబాదు పోతుంది. రిపోర్టు కూడా ఇవాళే పోతుంది. రిజిస్టరు పోస్టు. దాని మీదా నీ సంతకం కావాలి, అయిదు కాపీల మీద."

ఆ సంతకం పద్మావతమ్మ పెట్టిన నియమం. నమూనా చేత్తో తెచ్చిన మనిషి ఒప్పుకోకుండా ఏ లెక్కా బయటికి పోకూడదని ఆవిడ ఫారం మీదే అచ్చు వేయించింది. ఏప్రిల్‌లో ఆవిడకి కర్నూలు బదిలీ అయింది. ఆ స్థానంలోకి డాక్టర్ వెంకటకృష్ణారావు వచ్చాడు. ఫారాలు మాత్రం పాతవే మిగిలాయి.

"ఏం రాశారండీ అందులో?" అని అడిగింది సీతమ్మ.

"ఏముందీ, పొడి పనిచెయ్యలేదు. యూనిట్ మూసెయ్యచ్చు."

సీతమ్మ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

ఆ లెక్క ఎలా కట్టారో చెప్పాలి. ఉయ్యూరు దగ్గర ఒక ఊరు తీసుకున్నారు. ఊరి బళ్ళో నలభైమంది పిల్లలకి సిరప్పు పూర్తి మోతాదు. పాలెం బళ్ళో నలభై ఒక్కమందికి పొడీ, సగం సిరప్పూ. కొత్త మందు ముందు ఎవరి పిల్లల మీద చూడాలో ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఒక్కటీ పాలేనికే ముందు దక్కింది. మార్చి నెలాఖర్లో బళ్ళో పంతులు హాజరుపట్టీ చదువుతుంటే ఒక్కొక్కరి మలం నమూనా చిన్న రేకు డబ్బాలో పట్టారు, మందిచ్చారు. ఆరు వారాలకి మళ్ళీ పట్టాలి. అప్పటికి వేసవి సెలవులు. సీతమ్మ ఒక్కతే వెళ్ళి ఇంటింటా పట్టుకొచ్చింది.

డబ్బాల మీద అంటించిన పేరు చీటీలు తడికి ఊడిపోతాయి. పైగా సీతమ్మకి చదువు అంతంతమాత్రం. అందుకని ఆమె తన పద్ధతి ఒకటి పెట్టుకుంది. నాలుగు రంగుల దారాలు, ఒక్కో రంగులో ఒక ముడి నుంచి పది ముళ్ళ దాకా. నలభై ఒకటోదానికి ఎరుపూ పసుపూ కలిపి పురి పెట్టింది. ప్రతి పిల్లవాడి మొలతాడుకీ ఒక దారం కట్టింది. మొలతాడు మానేసిన ఆడపిల్లలైతే చేతికి కట్టింది. అలాంటిదే డబ్బాకీ కట్టింది. మళ్ళీ వెళ్ళినప్పుడు పిల్లల ఒంటిమీది దారం చూసి దాని జత డబ్బాకి చుట్టింది. పని అయ్యాక డబ్బాలు కడిగి, దారాలు ఉతికి, మార్చివి ఒక మేకుకీ మేవి ఒక మేకుకీ తగిలించింది. వసారా గోడకి అవి ఇప్పటికీ వేలాడుతున్నాయి.

"పనిచెయ్యకపోవడం ఏందండీ? మేలో తెచ్చినవాటిల్లో పురుగు గుడ్లు కనపడట్లేదని మీరే అన్నారుగా?"

రామకోటేశ్వరరావు చెడ్డవాడు కాదు. కాగితం తీసి తెలుగులో విప్పి చెప్పాడు. "రావలసినవాళ్ళు నలభై ఒకరు. వచ్చింది ఇరవై ఇద్దరు. అందులో ఇరవైమందికి నయమైంది. రానివాళ్ళు పందొమ్మిది. రానివాళ్ళని నయం కానివాళ్ళ కింద రాయాలని రూలు. అంటే నలభై ఒకరికి ఇరవై. ఊరి బళ్ళో సిరప్పు తాగినవాళ్ళు నలభైకి ఇరవై ఏడు. ఏది నెగ్గినట్టు?"

"రాకపోవడమేంటి? నలభై ఒక్క డబ్బా నేనే మోసుకొచ్చా."

"తెచ్చావు. అందులో పందొమ్మిది మన జాబితాలో లేని పిల్లలవి. పక్క వాడ వాళ్ళు నువ్విచ్చే బెల్లమ్ముక్క కోసం దూరి ఉంటారు. పరీక్ష అయితే చేశాం. పద్దెనిమిదింటిలో గుడ్లు లేవు. కానీ మనకి సంబంధం లేదని డాక్టరుగారు కొట్టేశారు." అని రెండు జాబితాలూ చదివాడు. రానివాళ్ళు: వెంకటేశ్వర్లు, సుబ్బరత్నం, పుల్లయ్య, లక్ష్మి... దూరినవాళ్ళు: ఏసుపాదం, రూతు, జోజి, మరియమ్మ...

సీతమ్మకి ముందు నవ్వొచ్చింది. పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత చెంగు తీసేసరికి ముఖంలో నవ్వు లేదు. పందొమ్మిదిమంది రాలేదట, పందొమ్మిదిమంది ఎక్కువొచ్చారట. ఒకాయన డాక్టరు, ఒకాయన బి.ఏ. రెండు పందొమ్మిదులూ ఒక్క కాగితం మీద పైనా కిందా రాసుకుని, వాటిని కలిపి చూద్దామన్న ఆలోచన ఇద్దర్లో ఒక్కరికీ రాలేదు. చదవేస్తే ఉన్న మతి పోవడం అంటే ఇదే. పాలెం జనం మాటమీద నిలబడరు, దొంగ పిల్లల్ని దూర్చేస్తారు అనుకోవడం మాత్రం ఎంత తేలిగ్గా వచ్చింది!

"నవ్వుతావేం?" అన్నాడు గుమాస్తా.

"ఏంలేదండీ."

వసారాలోకి వచ్చి పీట మీద కూర్చుంది గానీ చెయ్యి కదల్లేదు. తప్పు తనదీ ఉంది. మే నెలలో ఆ పాలెంలో అడుగుపెట్టగానే గుణదల తిరణాళ్ళలో ఎరిగిన ముసలమ్మ ఒకతె గుర్తుపట్టి "తెరేసమ్మా!" అని పిలిచింది. ఇక ఇల్లిల్లూ అదే పిలుపు. ఇరవై రెండేళ్ళలో డ్యూటీ చీర కట్టుకుని సొంత పేరుతో తిరిగింది ఆ మూడు రోజులే. ఆ సంబరంలో, రాయడానికి తోడొచ్చిన బడిపంతులుగారి అమ్మాయి డబ్బాల మీద తల్లులు చెప్పిన పేర్లు రాస్తుంటే, అవి గుడి పేర్లా బడి పేర్లా అని చూసుకోనే లేదు. పేరు పెట్టి పిలిపించుకున్న మూడు రోజుల ముచ్చటకి నలభై ఒక్క మంది పిల్లల మందు పోయేట్టుంది.

మధ్యాహ్నం అంతోని వచ్చాడు. పాలెం మనిషే, ఎరుపూ పసుపూ పురిదారం పిల్ల రూతుకి తండ్రి. కాలవలకి నీళ్ళు వదిలి నాట్లు పడేదాకా ఊళ్ళో పనుండదని ఆటోనగర్లో లారీల మీద ఇనుము దించుతున్నాడు. భుజం మీద తువ్వాలు నల్లటి గ్రీజుతో అట్టకట్టి ఉంది. నీళ్ళు తాగి, అరుగు మీద కూలబడ్డాడు.

"అత్తా, వానలు పడితే మళ్ళా పురుగులొస్తయ్యంట గదా. ఆ పొడి కాస్త దొరుకుద్దా? రూతు ఇప్పుడు మట్టి తినట్లా. అన్నం అడిగి పెట్టించుకుంటంది."

సీతమ్మ అతనికి జరిగిందంతా చెప్పింది. చివర అడిగింది, "లోపలికెళ్ళి ఎవురు ఎవురో చెప్పేస్తే మందు నిలబడుద్ది. రూతే సుబ్బరత్నం అని చెప్పనా?"

అంతోని నీళ్ళ చెంబు కింద పెట్టాడు.

"చెప్పమాకు అత్తా. దానికి హాస్టల్లో సీటొచ్చింది. సుబ్బరత్నం పేరు మీదొచ్చింది. నువ్వు చెప్పింది వాళ్ళు హైదరాబాదు రాస్తే ఊరుకుంటారా? పందొమ్మిది మందివీ పీకేస్తారు."

"పురుగులతో ఉండమంటావా మరి?"

"పురుగులుంటే ఆముదం పడతాం. చదువు పోతే దేంతో కక్కిస్తాం?" అని లేచి, గుమ్మందాకా వెళ్ళి మళ్ళీ తిరిగాడు. "నీక్కూడా మంచిది కాదత్తా. నీ పింఛను సంగతి చూసుకో."

ఆమె చూసుకోకేం? పిల్లా జెల్లా లేరు. గుణదలలో అద్దె గది, ఒక కుక్కిమంచం, ఒక మేరీమాత పటం. ఆ పింఛను వస్తేనే పొయ్యి వెలుగుతుంది. సీతమ్మ హిందువు కాదని తేలితే ఇరవై రెండేళ్ళ చాకిరీ దొంగ చాకిరీ అయిపోతుంది. ఎత్తిన మలం కుండలు మాత్రం దొంగవి కావు గదా. వాటినెవరూ తిరిగి ఇచ్చెయ్యమనరు.

ఆమె మిగిలిన గింజలన్నీ ఒలిచింది. నీడలో గుడ్డ మీద ఆరబోసింది. మొన్న ఎండినవి కల్వంలో వేసి నల్లటి నూరుడు రాయితో మెత్తగా నూరింది. రాయి తిరుగుతున్న కొద్దీ లోపల కోపం మాత్రం మెత్తబడకుండా పేరుకుంటూ వచ్చింది. మూడు గంటలకి సందులో స్కూటరు చప్పుడైంది. ఆమె లేచి, గోడ మీది రెండు మేకుల నుంచీ దారాల గుత్తులు తీసుకుని, నూరుడు రాయి కడగడం కూడా మరిచి చేత్తోనే పట్టుకుని, లోపలికి వెళ్ళింది.

డాక్టర్ వెంకటకృష్ణారావు నలభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, మృదువైన గొంతు. ఎవర్నీ కసురుకోడు.

"ఏం సీతమ్మా, ఆఖరి రోజు. ఆరోగ్యం జాగ్రత్త."

"అయ్యా, ఒక్కటి చూపిస్తానండీ" అని ఆమె బల్ల మీద పాత పేపరు పరిచింది. మార్చి దారం ఒకటి, దాని పక్కన మే దారం ఒకటి. ఎర్రది మూడు ముళ్ళు, ఎర్రది మూడు ముళ్ళు. పచ్చది ఏడు, పచ్చది ఏడు. చివరికి పురిదారాలు రెండూ. నలభై ఒక్క జతలు.

డాక్టరు జేబురుమాలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఉతికినవేనండీ. ఈ దారాలు పిల్లల మొలకి కట్టా, డబ్బాలకి కట్టా. మార్చిలో ఎవరో మేలోనూ వాళ్ళే. ఒక్కళ్ళు తప్పిపోలా, ఒక్కళ్ళు దూరలా. మీరు కొట్టేసిన పందొమ్మిదీ మన పిల్లలయ్యే. ఇరవైకి పద్దెనిమిది కలపండి. నలభై ఒకరికి ముప్పై ఎనిమిది."

అతను తెలివితక్కువవాడు కాదు. ఒక్కో జతా చూస్తూ చివరిదాకా వచ్చాడు. ఒక్క నిమిషం అతని ముఖంలో కుతూహలం లాంటిది మెరిసింది. "మరి పేర్లు వేరే ఉన్నాయే?"

"ఒకళ్ళకే రెండుంటయ్యండీ."

"ఎందుకుంటాయి?"

సీతమ్మ పురిదారాల జతని సమంగా సర్దింది.

"సరే, ఎవరికి ఏ రెండు పేర్లో జత చేసి చెప్పు. రామకోటేశ్వరరావు రాస్తాడు. జాబితా జతపరిస్తే హైదరాబాదు వాళ్ళు ఒప్పుకుంటే ఒప్పుకోవచ్చు."

"పేర్లు చెప్పనండీ. ముళ్ళు చూసుకోండి."

"ముళ్ళు రికార్డు కాదు సీతమ్మా."

ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. పేపరు అంచు లేచి పడుతోంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. చెట్టు ఇచ్చింది, పిల్లల ఒళ్ళు ఒప్పుకుంది, మందు పనిచేసింది. దానికిక రికార్డు కావాలట. సీతమ్మ రాయిని రెండు చేతులతో పట్టుకుంది.

"పందొమ్మిది పేర్లు నేను చెప్పను. వాళ్ళు పిల్లలు. ఒక్క పేరు చెప్తా, రాసుకోండి. సీతమ్మన్నా తెరేసమ్మన్నా ఒక్కటే మనిషి. అది నేను. నాకుంటే వాళ్ళకుండదా?"

రామకోటేశ్వరరావు ముక్కుపొడి పట్టు ముక్కుదాకా వెళ్ళకుండానే ఆగిపోయింది. డాక్టరు ఆమె ఖాళీ నుదుటి కేసి చూశాడు, మొదటిసారి అక్కడ ఏదో ఉన్నట్టు. తర్వాత బల్ల మీద ఉన్న పెన్షను కాగితాల కేసి చూశాడు. కలం తీసి వాటి మీద నిదానంగా సంతకం పెట్టాడు.

"నువ్విప్పుడు అన్నది నేను వినలేదు" అన్నాడు. "రామకోటేశ్వరరావూ, నువ్వు విన్నావా?"

"లేదండి."

"నీ మంచికే సీతమ్మా. ఇన్నేళ్ళు చేశావు, పెన్షను ఎందుకు పోగొట్టుకోవడం? ఇంటికెళ్ళి ప్రశాంతంగా ఉండు."

అతను నిజంగానే ఉపకారం చేశాననుకున్నాడు. ఆ రాత్రి భార్యతో కూడా చెప్పుకుని ఉంటాడు. వినకపోవడం దయ అనుకునే మనుషులు ఈ లోకంలో చాలామంది ఉన్నారు. వాళ్ళు మన నోరు నొక్కరు, తమ చెవులు మూసుకుంటారు. తర్వాత మన మేలు కోరామని చెప్పుకుంటారు.

"మరి మందండీ?"

"తర్వాత చూద్దాం."

"తర్వాతంటే? యూనిట్ మూసేస్తన్నారుగా. పొడి పెద్ద డబ్బాడు ఉంది."

"నిలవ సరుకు పారేసినట్టు రాసేస్తాం. రూలు." అని రిపోర్టు కాపీలు ఆమె వైపు జరిపాడు. "ఇక్కడ సంతకం పెట్టు. పోస్టుకి టైమవుతోంది."

ఆమె కూర్చోలేదు. ఈ గదిలో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. రాయి బల్ల మీద పెట్టి, చెయ్యి చీరకి తుడుచుకుని, పెన్ను అందుకుని వంగింది. గుమాస్తా అలవాటుగా కాపీలు ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతున్నాడు. రెండో కాపీ దగ్గర అతనికి ఏదో తేడాగా తోచింది. మూడక్షరాలు రాసే చెయ్యి ఇంకా కదులుతోంది. అయినా అతను ఆపలేదు. మూడోది తిప్పాడు, నాలుగోది తిప్పాడు, అయిదోది తిప్పాడు. ప్రతిసారీ ఆ చెయ్యి నాలుగక్షరాలు రాసింది. చిన్నప్పుడు మఠంలో సిస్టరమ్మ పలక మీద దిద్దించిన నాలుగక్షరాలు, యాభై ఏళ్ళు ఏ కాగితం మీదా పెట్టనివి. తె, రే, స, మ్మ.

డాక్టరు కాగితం దగ్గరికి లాక్కుని చూశాడు.

"ఏమిటిది సీతమ్మా? ఈ పేరుతో మన ఆఫీసులో ఎవరూ లేరు. ఇది ఎలా పంపుతాను?"

"వినలేదన్నారు గదండీ" అంది ఆమె. "చదువుకోండి."

ఫ్యాను గాలికి కాపీలు లేవబోయాయి. ఆమె వాటిని పోగు చేసి, పెన్షను కాగితాల పక్కనే సమంగా సర్ది, రెంటి మీదా కలిసేట్టు నూరుడు రాయి పెట్టింది. మూడేళ్ళుగా ఆ బల్ల తుడిచిన మనిషికి కాగితాలు ఎగిరిపోనివ్వడం చేతకాదు. తర్వాత వసారాలోకి వెళ్ళి, గుడ్డ మీద ఆరుతున్న పప్పుని ఒకసారి చేత్తో పలుచన చేసింది. సత్తు కేరేజీ తీసుకుంది. చెప్పులు వేసుకుంది. నాలుగున్నరైంది. అయిదింటిదాకా ఆమె ఉండాలి. ఇరవై రెండేళ్ళలో అరగంట ముందు వెళ్ళడం అదే మొదలు.

సందు మలుపు తిరిగి, లాడ్జి ముందు నుంచి, గుణదల బస్సు కోసం నిలబడ్డవాళ్ళలో ఆమె కలిసిపోయింది. ఆమె అటు వెళ్ళడం ఎవరూ గమనించలేదు.

లోపల రామకోటేశ్వరరావు గొంతు సవరించుకుని, "పోస్టుకి ఇంకో అరగంటే ఉందండి. ఏం చెయ్యమంటారు?" అన్నాడు. డాక్టరు రాయి కేసి చూశాడు. రాయి తీస్తే రెండు కాగితాలూ విడిపోతాయి, ఒకటి ఒక కవర్లోకీ ఇంకోటి ఇంకో కవర్లోకీ పోతుంది. ఆ సంతకంతో రిపోర్టు పంపితే తెరేసమ్మ ఎవరో చెప్పాలి, సంతకం లేకుండా పంపడానికి రూలు ఒప్పుకోదు. అతని చెయ్యి రాయి దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఎడమవైపు కాగితం మీద సీతమ్మ, కుడివైపు కాగితం మీద తెరేసమ్మ. ఒకే తారీఖు, ఒకే చెయ్యి, ఒకే వంకర మ్మ. రెంటి మీదా బరువుగా, మోదుగ పొడి పసుప్పచ్చని చారలుగా ఇంకా అంటుకునే ఉన్న ఆ నల్లటి నూరుడు రాయి.